నియమాలు ఎవరివి?

బల్ల చుట్టూ కూర్చొని, మాటలతో కథ నడుపుతూ, పాచికలు వేసి ఫలితం తేల్చుకొనే ఆట 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. అమెరికాకు చెందిన గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ఈ ఆట 1974లో వెలువడింది. ఒకరు కథను నిర్వహిస్తారు, తక్కినవారు పాత్రధారులు. నియమాలు గ్రంథరూపంలో ఉంటాయి.

2008లో దీని నాలుగవ కూర్పు వచ్చింది. యోధుడు, మాంత్రికుడు మొదలైన పాత్రల శక్తులను దాదాపు ఒకే పద్ధతిలో అమర్చారు. పాత్రలకు సమప్రాధాన్యం లభించిందని కొందరు హర్షించారు. వైవిధ్యం నశించి, కథ కంటే పోరాటానికే పెద్దపీట వేశారని మరికొందరు నిరసించారు. పాత నియమాలను ఇతరులూ వాడుకొనేందుకు 2000లోనే బహిరంగ అనుమతి లభించింది. దాని ఆధారంగా పైజో సంస్థ ఆ నియమాలకు మెరుగులు దిద్ది, 2009లో 'పాత్‌ఫైండర్' పేరుతో ప్రచురించింది. అనేకులు అటు మళ్లారు.

ఈసారి ప్రచురణకర్తలు మార్గం మార్చుకొన్నారు. 2012 నుంచి ముసాయిదా నియమాలను ముందుగా ఆటగాళ్లకే ఇచ్చి, వారి అభిప్రాయాలు సేకరించారు. 2014లో వెలువడిన అయిదవ కూర్పు విశేషాదరణ పొందింది.

ఆటగాళ్ల అసంతృప్తి కేవలం మొండితనం కాదు. నియమాలను రాసేది ప్రచురణకర్తలే అయినా, వాటికి ప్రాణం పోసేది ఆడేవారే. మార్పు అవసరమే, కాని దాన్ని అనుభవించవలసినవారి మాట ముందుగా వినడం అంతకంటె అవసరం.