పెద్దబిడ్డ చంక దిగాకే రెండో కాన్పు

చంకలో ఒకరు, కడుపులో ఒకరు ఉంటే తల్లి ఎవరిని చూసుకోగలదు? రెండో కాన్పుకు ఇల్లు సిద్ధమైతే చాలదు, పెద్దబిడ్డ కూడా సిద్ధం కావాలి.

మూడేళ్ళ ఎడం ఎందుకు?

బిడ్డ రెండేళ్ళ వరకు తల్లిపాలు తాగాలి. 16–24 నెలల మధ్య డి.పి.టి. బూస్టరు, తట్టు–రుబెల్లా రెండో టీకా పడాలి. తన చేత్తో తినడం, దొడ్డికి వస్తే చెప్పడం చాలామంది పిల్లలకు రెండు, మూడేళ్ళ మధ్య అలవడుతుంది. ఈలోగా తల్లి ఒంట్లో రక్తమూ పుంజుకుంటుంది. కాబట్టి బిడ్డకు రెండేళ్ళు నిండాకే మళ్ళీ గర్భం మంచిది.

గర్భం నిలిచాక ఏం చేయాలి?

1. ‘కడుపుతో ఉన్న తల్లి పాలు విషం’ అనే మాట నిజం కాదు. వేపాకు ముద్ద పూసి ఒక్కరోజులో పాలు మాన్పించకండి. మాన్పించవలసి వస్తే ఒక్కొక్క పూట తగ్గిస్తూ రండి.

2. పడక మార్చడం వంటివి కాన్పుకు రెండు మూడు నెలల ముందే మొదలుపెట్టండి. లేకపోతే ‘పాపాయి వచ్చి నా చోటు లాక్కుంది’ అనుకుంటుంది బిడ్డ.

3. నాన్న చేత తినడం, నాన్న పక్కన పడుకోవడం ముందే అలవాటు చేయండి.

4. చంటిబిడ్డ వచ్చాక పెద్దబిడ్డ మళ్ళీ పక్క తడిపినా, ఎత్తుకోమని మారాం చేసినా కొట్టకండి. అది మొండితనం కాదు, బెంగ. రోజూ కాసేపు ఒళ్ళో కూర్చోబెట్టుకోండి.

ఎడం ఎలా?

కాపర్‌-టి, మూడు నెలలకొకసారి వేసే అంతర ఇంజెక్షను, మాత్రలు, నిరోధ్ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. ఏది మీకు సరిపోతుందో భార్యాభర్తలిద్దరూ కలిసి వచ్చి అడగండి.