శిశు వికాసము – తల్లిదండ్రుల జాగరూకత

"మొక్కై వంగనిది మానై వంగునా" అని మన పెద్దలు చెప్పుదురు. అయితే ఆ మొక్క ఎట్లు పెరుగుచున్నదో మొదట గమనింపవలసినవారు తల్లిదండ్రులే. వైద్యుడు బిడ్డను చూచునది కొన్ని నిమిషములు. తల్లి చూచునది రేయింబవళ్ళు.

బిడ్డలందరు ఒకే దినమున నడువరు, ఒకే దినమున మాటలాడరు. అయినను ప్రతి పనికి ఒక గడువు కలదు. 2 నెలలు నిండునప్పటికి శిశువు తల్లి ముఖము చూచి నవ్వును. 4 నెలలకు మెడ నిలుపును. 9 నెలలకు ఊతము లేక కూర్చుండును. 18 నెలలు నిండినను నడువనిచో, 2 సంవత్సరములు నిండినను రెండు మాటలు కలిపి పలుకనిచో వైద్యునకు చూపవలెను. వచ్చిన మాటలు పోవుట ఏ వయస్సునందైనను ప్రమాద సూచనయే. నెలలు నిండక పుట్టిన బిడ్డకు ఈ లెక్కను ప్రసవము కావలసిన తేదీ నుండి చూచుకొనవలెను.

మాటలు ఆలస్యమైనప్పుడు మన ఇండ్లలో రెండు సమాధానములు వినవచ్చును. "వీని తండ్రియు ఆలస్యముగానే మాటలాడెను" అనునది మొదటిది. "ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు, బిడ్డ తికమకపడుచున్నాడు" అనునది రెండవది. రెండు భాషలు వినుటవలన మాట ఆలస్యము కాదు. "అమ్మీ" అని ఉర్దూలోను, "పాలు" అని తెలుగులోను పలికిన బిడ్డకు రెండు మాటలు వచ్చినట్లే లెక్క. రెండు భాషలలోను మాట రానిచో ముందుగా వినికిడిని పరీక్షింపజేయవలెను.

చెవిటి శిశువు కూడ తొలి నెలలలో "ఊ", "ఆ" అని ధ్వనులు చేయును. తలుపు దబ్బున మూసినప్పుడు నేల అదురుటచే ఉలిక్కిపడును. ఇందుచే పెద్దలు మోసపోవుదురు. మాకు తెలిసిన ఒక ఇంట, 9 నెలల పాప వెనుకనుండి పిలిచిన తిరిగి చూచుట లేదని తల్లి చెప్పినది. "నీకన్నియు అనుమానములే" అని ఇంటివారు ఆమె నోరు మూయించిరి. పరీక్ష జరుగునప్పటికి పాపకు 3 సంవత్సరములు నిండినవి. భాష నేర్చుకొనుటకు మిక్కిలి అనువైన కాలము అట్లు గడచిపోయినది. 1 నెలలోపు వినికిడి పరీక్ష, 3 నెలలలోపు లోప నిర్ధారణ, 6 నెలలలోపు చికిత్సయో, వినికిడి యంత్రమో, శిక్షణయో మొదలు కావలెనని నిపుణుల నియమము. మేనరికములు గల కుటుంబములలో పుట్టు చెవుడు అధికము గనుక అచ్చట మరింత జాగ్రత్త అవసరము.

సహాయమునకు దారులు లేకపోలేదు. 1975 లో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము క్రింద అంగన్‌వాడీలు వెలసినవి. 2013 లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము ద్వారా పిల్లలను పరీక్షించి, అవసరమైనవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రములకు పంపుదురు. బుద్ధి వికాస లోపములు గలవారికై 1984 లో నెలకొల్పబడిన జాతీయ సంస్థ సికింద్రాబాదులోనే కలదు.

లోపమును గుర్తించుట బిడ్డపై ముద్ర వేయుట కాదు. ఆ బిడ్డకు చేయి అందించుట. మన విద్యార్థినీ విద్యార్థులు నేడు ఇంటిలో అన్నలు, అక్కలు, రేపు తల్లిదండ్రులు. ఇంటనున్న పసివానిని వెనుకనుండి ఒకసారి మెల్లగా పిలిచి చూడుడని, తల్లి అనుమానమును తేలికగా తీసివేయవలదని వారిని కోరుచున్నాము.