కళ్లెము విప్పిన కారు



మొన్న పదవ తరగతిలో ‘కళ్లెము’ అను పదమునకు అర్థము చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, “అయ్యవారూ! గంటకు 300 కిలోమీటర్లు పరుగెత్తగల కారునకు 180 వద్దనే కళ్లెము వేయుదురట. దానిని విప్పుకొనిన తప్పేమి? కారు మనదే కదా!” అని యడిగెను. తరగతి యంతయు నవ్వినది. కాని ఆ ప్రశ్న నవ్వదగినది కాదు. దానికి నేనిచ్చిన సమాధానమునే కొంచెము విరివిగా ఇచట వ్రాయుచున్నాను. తల్లిదండ్రులును దీనిని చదువగోరెదను.

కళ్లెము వేసినవారెవరు?

ఆ బాలుడు చెప్పిన కారు జపానుదేశపు నిస్సాన్ జి.టి.ఆర్. దాని ఆర్-35 అను రకము 2007 డిసెంబరులో జపానులో అమ్మకమునకు వచ్చినది. 2025లో దాని ఉత్పత్తి ముగిసినది. గంటకు 300 కిలోమీటర్లకు మించి పోగల శక్తి దానికి కలదు. అయినను జపానులో అమ్మిన కార్లు 180 దాటకుండ కట్టడి చేయబడినవి. ఆ దేశపు కార్ల తయారీదారులు తమలో తాము చేసికొనిన ఒడంబడికయే దీనికి మూలము. జపాను రాజమార్గములపై సాధారణ పరిమితి 100. కొన్ని భాగములలో 120. జర్మనీలో కొన్ని రహదారులకు వేగపరిమితియే లేదు. అచటి పెద్ద తయారీదారులు 250ని హద్దుగా పెట్టుకొనిరి.

స్పీడు లిమిటరు అనబడు ఈ కళ్లెము కంటికి కనబడు ఇనుపముక్క కాదు. ఇంజనునకు ఎంత ఇంధనము, ఎంత గాలి పోవలెనో నిర్ణయించు చిన్న కంప్యూటరొకటి కారులో నుండును. చక్రముల వేగము హద్దును చేరినంతనే అది ఇంధనమును గాని గాలిని గాని తగ్గించును. దీనిని తప్పించుటకు కొందరు ఆ కంప్యూటరులోని లెక్కలను తిరిగి వ్రాయింతురు. మరికొందరు వేగమును తెలుపు సంకేతమును తగ్గించి చూపు పరికరమును అమర్తురు. మొదటిది నియమమును మార్చుట. రెండవది యంత్రముతో అబద్ధము చెప్పుట.

విప్పిన నేమగును?

180 నుండి 250కి వేగము పెరిగిన, పెరుగుదల నూటికి 39 వంతులు మాత్రమే. కాని మీరు భౌతికశాస్త్రములో చదివినట్లు గతిశక్తి వేగముయొక్క వర్గమును బట్టి పెరుగును. కావున అది దాదాపు రెండింతలగును. గాలిని చీల్చుకొని పోవుటకు కావలసిన శక్తి ఘనమును బట్టి పెరుగును. అది రెండున్నర రెట్లను మించును. సెకనుకు 10 మీటర్ల చొప్పున ప్రతి సెకనుకును వేగమును తగ్గించు మంచి బ్రేకులున్నను, 180 వేగమునుండి ఆగుటకు 125 మీటర్లు చాలును; 250 నుండి ఆగుటకు సుమారు 241 మీటర్లు కావలయును. తోలువాడు బ్రేకు తొక్కకముందే, ఒక్క సెకను ఆలస్యములోనే, మరి 69 మీటర్లు గడచిపోవును.

ఇక టైర్లు. టైరు ప్రక్కన నుండు అక్షరమును మీరు చూచియుందురు. అది దాని వేగపు హద్దు: ఎస్ యనిన 180, హెచ్ యనిన 210, వి యనిన 240. కంప్యూటరులోని లెక్క మార్చినంత మాత్రమున టైరుపై అక్షరము మారదు.

హామీపత్రమును చదువు విధము

వారంటీ యనగా, నిర్ణీతకాలములో తయారీలోపము బయటపడిన తన ఖర్చుతో బాగుచేయుదునని తయారీదారు చేయు వాగ్దానము. ఇది షరతులతో కూడిన వాగ్దానము. ‘నేను చేసిన రూపములోనే యంత్రమున్నయెడల’ అనునది అందులోని ముఖ్యమైన షరతు. వ్యాకరణములో దీనిని చేదర్థకమందురు. చేదర్థకపు భాగమును చదువక ప్రధానవాక్యమును మాత్రమే చదువువాడు మోసపోవును.

అట్లని చిన్న మార్పు చేసినంతనే హామీ యంతయు పోవునా? అన్ని దేశములలో నియమమొకటి కాదు. అమెరికాలో 1975 నాటి మాగ్నుసన్–మాస్ చట్టము ప్రకారము, మార్పువలననే ఆ చెడుపు కలిగినదని కంపెనీ చూపవలెను; రేడియో మార్చిన కారణమున ఇంజనునకు హామీ నిరాకరింపరాదు. కాని లిమిటరు విప్పినవాని ఇంజనుగాని గేరుపెట్టెగాని చెడినయెడల, చూపుట కంపెనీకి కష్టము కాదు. జి.టి.ఆర్. వంటి కార్లలో వాహనమెట్లు నడుపబడినదో నమోదుచేయు ఏర్పాటు కలదు. పాత లెక్కలను తిరిగి ఎక్కించినను, తిరిగి వ్రాసిన జాడ పెక్కు కార్లలో మిగులును.

న్యాయమైన మార్గమును లేకపోలేదు. జపాను జి.టి.ఆర్. తానున్న చోటును ఉపగ్రహసంకేతములవలన గుర్తించి, ఆమోదింపబడిన పందెపుబాటలలో మాత్రమే కళ్లెమును విప్పుకొననిచ్చెడిది. జర్మనీకి చెందిన బి.ఎం.డబ్ల్యూ. సంస్థ కొన్ని కార్లకు అదనపు రుసుముపై హద్దును పెంచి, దానితోపాటు నడుపుటలో శిక్షణయు నిచ్చును. స్థలము, శిక్షణ, బాధ్యత కుదిరినచో వేసినవాడే విప్పును.

మన యింటి మాట

అట్టి కారు మన వీధిలో లేదు కదా యనకుడు. మన సరకుల బండ్లకు, బస్సులకు ‘గవర్నరు’ అను పేర ఇదే కళ్లెము కలదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో 118వది దీనిని గూర్చినదే. అందు చాల రవాణా వాహనములకు 80, బడిబస్సులకు 60 హద్దు.

నా పూర్వవిద్యార్థి యొకడు అప్పుచేసి సరకుల బండి కొనెను. రోజుకొక నడక ఎక్కువ తిరుగవచ్చునని ఎవరో చెప్పగా గవర్నరు ముద్రను తెంపించెను. నాలుగు నెలలకు ఇంజను చెడినది. ముద్ర తెగియుండుటచే హామీ వర్తింపదని వ్రాసియిచ్చిరి. ఆ పత్రమును తెచ్చి, “అయ్యవారూ, ఇందులో ఏమున్నదో చదివి చెప్పుడు” అనెను. షరతు రెండవ పుటలోనే యున్నది. దాని క్రింద అతని సంతకమును ఉన్నది. కొన్న దినముననే ఆ ప్రశ్న అడిగియుండిన ఎంత బాగుండెడిది!

బిడ్డలారా! పత్రము తెలుగులో నున్నను, రాష్ట్రభాషలో నున్నను, ఆంగ్లములో నున్నను, చదువక సంతకము చేయకుడు. తెలియనిచో అడుగుడు. కారు మనదే, కాని దారి అందరిది, హామీ ఇచ్చినవానిది.

అభ్యాసము

1. మీ యింటి వాహనపు టైరుపై నున్న వేగపు అక్షరమును కనుగొని వ్రాయుడు.
2. గంటకు 60 కిలోమీటర్ల వేగముకంటె 80 వద్ద గతిశక్తి ఎన్ని రెట్లగును?
3. మీ యింట నున్న ఏదైన హామీపత్రమునుండి మూడు షరతులను మీ మాటలలో తెలుగున వ్రాసి, తల్లిదండ్రులకు చదివి వినిపింపుడు.