రెండు లోకాలు ఎదురుపడే తొలి ఘట్టం

మంచివానికీ దుష్టునికీ నడుమ యుద్ధం కల్పించడం కవికి సులభం. ఇరుపక్షాలవారూ ధర్మపరులే అయినప్పుడు వారి చేతికి ఆయుధం ఎలా అందించాలన్నదే చిక్కు. ఈ చిక్కును మా దృష్టికి మరల తెచ్చినవాడు మా విద్యార్థి ఒకడు. గడచిన సంవత్సరం మేము ఆరణ్యపర్వం పాఠం చెప్పుచుండగా, అతడు చివరి బల్లపై కూర్చుండి పాఠ్యగ్రంథం చాటున మరొక పుస్తకం చదువుచున్నాడు. తీసి చూడగా అది ఇంగ్లీషు బొమ్మల కథ. "వీళ్ళూ మంచివాళ్ళే, వాళ్ళూ మంచివాళ్ళే గదా, మరి ఎందుకు కొట్టుకుంటున్నారు సార్?" అని మమ్మల్నే ఎదురు ప్రశ్నించాడు. మందలించుటకు తీసుకున్న పుస్తకాన్ని మేము ఇంట రెండు రాత్రులు చదివితిమని ఇక్కడ ఒప్పుకొనక తప్పదు.

ఆ పుస్తకం 2003లో అమెరికాలో వెలువడిన నాలుగు సంచికల కథలో మొదటిది. కర్ట్ బ్యూసిక్ రచన, జార్జ్ పెరెజ్ చిత్రలేఖనం. అక్కడ డీసీ, మార్వెల్ అని రెండు ప్రచురణ సంస్థలున్నవి. సూపర్‌మాన్, బాట్‌మాన్ మొదలైనవారి జస్టిస్ లీగ్ మొదటిదానిది. కెప్టెన్ అమెరికా, థోర్ మొదలైనవారి అవెంజర్స్ దళం రెండవదానిది. ఎవరి భూమి వారిదే, ఎవరి చరిత్ర వారిదే. ఈ రెండు దళాలను ఒకే కథలో కలుపవలెనని 1980 దశకంలోనే సంకల్పించారు. పెరెజ్ అప్పుడే కొన్ని పుటలు గీశాడు. సంస్థల మధ్య పొత్తు కుదరక ఆ ప్రయత్నం మూలబడింది. సుమారు ఇరువది ఏళ్ళ తరువాత అదే చిత్రకారుడు మళ్ళీ మొదటినుండి గీశాడు. 2022లో అతడు మరణించిన సంవత్సరమే ఆ గ్రంథం పరిమిత సంఖ్యలో పునర్ముద్రణ పొందింది.

కథారంభం ఇది. సృష్టిరహస్యం తెలుసుకొనగోరిన క్రోనా అనేవాడు ఒక్కొక్క విశ్వాన్ని నాశనం చేస్తూ వస్తాడు. తన విశ్వాన్ని కాపాడుకొనుటకు గ్రాండ్‌మాస్టర్ అనే ఆటగాడు వానితో పందెం వేస్తాడు. పావులు ఈ రెండు దళాల వీరులే. పన్నెండు మహిమాన్విత వస్తువులు, ఒక్కొక్క లోకంలో ఆరేసి. వాటిని సేకరిస్తేనే మీ లోకం నిలుస్తుందని లీగ్ వారికి చెబుతారు. వారిని అడ్డుకుంటేనే మీ లోకం నిలుస్తుందని అవెంజర్స్‌కు మెట్రాన్ అనేవాడు చెబుతాడు. చెప్పిన ప్రతివాడూ సగమే చెప్పాడు.

ఈ మెట్రాన్‌ను తెలుగు పాఠకుడు వెంటనే గుర్తుపడతాడు. మనవద్ద ఆ పని నారదునిది. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి గయోపాఖ్యానం నాటకాన్ని స్మరించండి. ఆకాశమార్గాన పోవు గయుడనే గంధర్వుని ఉమ్మి, సూర్యునికి అర్ఘ్యమిచ్చుచున్న శ్రీకృష్ణుని దోసిట పడింది. ఆయన గయుని వధిస్తానని ప్రతిన పూనాడు. గయుడు నారదుని బోధపై అర్జునుని శరణు వేడాడు. శత్రువు ఎవడో తెలియకముందే అర్జునుడు అభయమిచ్చాడు. ఇక ఒకరి ప్రతిన నిలిస్తే మరొకరి మాట పోతుంది. ఇద్దరిలో ఎవరి దోషమూ లేదు. ఎవరి గుణమే వారిని యుద్ధానికి ఈడ్చింది. మా అభిప్రాయంలో ఇచ్చట చిలకమర్తివారే పై మెట్టున ఉన్నారు. ఆ అమెరికా వీరులు ఇతరుల పందెంలో పావులు; అర్జునుడు తన మాటకు తానే బందీ.

1963లో కె.వి. రెడ్డి గారు ఈ కథనే శ్రీకృష్ణార్జున యుద్ధంగా తెరకెక్కించినప్పుడు కృష్ణునిగా ఎన్.టి. రామారావు, అర్జునునిగా అక్కినేని నాగేశ్వరరావు నటించారు. మా వీరుడు తగ్గరాదని ఇరువురి అభిమానులూ గుండె చేతబట్టుకొని కూర్చున్నారంటే ఆశ్చర్యం లేదు. రెండు ప్రచురణ సంస్థల అభిమానులదీ అదే స్థితి.

ఒక లోకంవాడు మరొక లోకంలో అడుగిడినప్పుడు ఆ లోకధర్మం వానికి వర్తిస్తుందా? తొలి సంచికలో మమ్మల్ని మిక్కిలి ఆకర్షించినది ఈ అంశం. వాయువేగంతో పరుగెత్తే ఫ్లాష్ అవతలి భూమికి పోతాడు. అక్కడ అల్లరిమూక చేతికి చిక్కిన ఒకనిని కాపాడబోతాడు. కాళ్ళు కదలవు. అతని వేగానికి మూలమైన శక్తి ఆ విశ్వంలో లేనే లేదు. ఈ పుటలు చదువుచున్నప్పుడు మాకు సౌగంధిక పుష్పానికై బయలుదేరిన భీముడు తోచాడు. దారికడ్డముగా పరున్న వృద్ధవానరం తోకను ఎత్తలేక సిగ్గుపడి, ఆయన తన అన్న హనుమంతుడని తెలిసిన పిమ్మట, సముద్రం దాటిన నాటి రూపం చూపుమని కోరాడు. హనుమంతుడు వెంటనే అంగీకరింపలేదు. అది త్రేతాయుగపు మాట, ఇప్పుడు కాలం వేరు, యుగానికొక ధర్మమని వివరించిన తరువాతనే, తమ్ముని ప్రార్థన మన్నించి ఆ రూపం చూపాడు. రామాయణ వీరుడూ భారత వీరుడూ ఎదురుపడిన ఈ ఘట్టంలో ముందు చెప్పినది బలం సంగతి కాదు, కాలభేదం సంగతి.

ఉర్దూ శాఖ విద్యార్థులు దీనిని ఇంకా సులభంగా గ్రహిస్తారు. పంతొమ్మిదవ శతాబ్దం చివర లక్నోలోని నవల్ కిషోర్ ముద్రణాలయం నుండి సంపుటాలుగా వెలువడిన తిలిస్మె హోష్‌రుబాలో తిలిస్మ్ అంటే తన నియమాలు తనకే ఉన్న మాయాలోకం. దానిని ఛేదింపగలవాడు ముందే నిర్ణీతుడు. ఇక అమర్ అయ్యార్ జంబీల్ సంచి సంగతి చెప్పనక్కరలేదు. ఆ సంచిలో నగరాలే ఇమిడి ఉంటాయి!

మరల సంచికకు వత్తము. లీగ్ వారు అవతలి భూమిని చూచి నొచ్చుకుంటారు. ఇంతమంది వీరులుండి ఈ లోకాన్ని ఎందుకు బాగుచేయలేదని వారి కోపం. అటుపిమ్మట అవెంజర్స్ ఇవతలి భూమికి వచ్చి వీరులకు జరిగే ఆరాధన చూచి, వీరు ప్రజలచేత పూజలు చేయించుకునే నిరంకుశులని తలుస్తారు. ఒకరికి కనబడినది నిర్లక్ష్యం, మరొకరికి కనబడినది అహంకారం. రెండూ అపార్థాలే, అయినా పూర్తిగా అబద్ధాలు కావు. మన గాజువాకలో ఉక్కు కర్మాగారానికీ, ఓడల నిర్మాణానికీ నాలుగు దిక్కులనుండి వచ్చినవారు పక్కపక్క ఇళ్ళలో కాపురముంటున్నారు. పొరుగింటి పద్ధతిని తొలినాడు చూచినవారు ఎలా తలపోస్తారో మనకెరుకే. మన కళాశాల వరండాలోనే తెలుగు శాఖవారు ఒక గోడకు, ఉర్దూ శాఖవారు ఒక గోడకు చేరగిలబడి నిలుచుండుట మేము పదేళ్ళుగా చూచుచున్నాము.

సంచికలో లోపం లేకపోలేదు. పాత్రలు మితిమీరినవి. పూర్వకథ తెలియని పాఠకునికి సగం ముఖాలు అపరిచితాలే. మేమైతే పేర్లన్నిటికీ ఆ విద్యార్థినే ఆశ్రయించితిమి. మా బల్ల ముందు నిలుచుండి అతడు చెప్పిన పాఠం అరగంట సాగింది.

పుస్తకం అతనికి తిరిగి ఇచ్చాము. బదులుగా భీమ హనుమత్సమాగమం చదివి, దానిని ఫ్లాష్ పుటల పక్కన పెట్టి నాలుగు పుటల వ్యాసం వ్రాయుమన్నాము. వ్రాశాడు. గయోపాఖ్యానం ప్రతి మాత్రం మన గ్రంథాలయంలో అతనికి దొరకలేదు, హోష్‌రుబాకు తెలుగులో సంగ్రహం అడిగితే అదీ లేదు. రాబోవు సంవత్సరపు కొనుగోలు పట్టికలో ఈ రెంటితోపాటు ఆ నాలుగు సంచికలనూ చేర్చవలెనని కళాశాల కమిటీవారిని ఇందుమూలంగా కోరుచున్నాము.