163 దగ్గర కనిపించేది 837

ఎఫ్‌ఎఫ్‌టీ అనగానే మన సీఎస్‌ఈ వాళ్లకి అల్గారిథమే గుర్తొస్తుంది. 1965లో కూలీ, టూకీల పేపరు, ఎన్ లాగ్ ఎన్, పరీక్షలో బటర్‌ఫ్లై బొమ్మ, అంతే. అదే ఎఫ్‌ఎఫ్‌టీ ఇప్పుడు తక్కువ ధర డిజిటల్ ఆసిలోస్కోపుల్లో కూడా మ్యాథ్ బటన్ కింద ఉంటోంది. సిగ్నల్‌లో ఏయే ఫ్రీక్వెన్సీలు ఉన్నాయో గీసి చూపిస్తుంది. స్పెక్ట్రమ్ అనలైజర్ కొనలేని వాళ్లకి (అంటే మనకే) ఇది చాలా పనికొస్తుంది. కాకపోతే అందులో కనిపించే ప్రతి స్పైకూ నిజం కాదు.

మన దగ్గరున్న సిగ్నల్‌తోనే చూద్దాం. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబర్ 1న మొదలైంది. మీడియం వేవ్‌లో దాని ఫ్రీక్వెన్సీ 837 కిలోహెర్ట్జ్. నందిగామకి విజయవాడ సుమారు 50 కిలోమీటర్లు, జగ్గయ్యపేట అదే హైవే మీద ఇంకాస్త దూరం. ప్రసారం వస్తున్న టైంలో డాబా మీద, కరెంటు తీగలకి దూరంగా, మూడు నాలుగు మీటర్ల వైరు కట్టి ప్రోబుకి తగిలించండి. వోల్ట్స్ పర్ డివిజన్ బాగా తగ్గించండి. శాంప్లింగ్ రేటు సెకనుకి 25 లక్షలు ఉంటే స్పైక్ 837 దగ్గరే రావాలి.

ఇప్పుడు టైమ్‌బేస్ నాబ్ తిప్పి రేటుని 10 లక్షలకి దించండి. స్పైక్ 163కి వెళ్తుంది! రేటులో సగం, అంటే 500 కిలోహెర్ట్జ్ దాటినవన్నీ లోపలికి మడతపడతాయి. 1000 లోంచి 837 తీసేస్తే 163. స్కోపు ముందున్న సర్క్యూట్ 50 మెగాహెర్ట్జ్ దాకా అన్నిటినీ లోపలికి రానిస్తుంది. మనం శాంప్లింగ్ తగ్గించినా ఆ గేటు మూసుకోదు. అసలు చిక్కు అక్కడే.

"నాబ్ తిప్పితే స్పైక్ కదిలితే దొంగది, కదలకపోతే అసలుది" అని చాలామంది చెప్తారు. అది సగమే నిజం. రేటుని ఇంకా తగ్గించి 5 లక్షలు చేయండి. 837ని 500తో మాడ్యులో చేస్తే 337, 500 లోంచి అది తీసేస్తే మళ్లీ 163! దొంగ స్పైక్ అంగుళం కూడా కదల్లేదు. 1000 అనేది 500కి గుణిజం కాబట్టి ఇలా అవుతుంది. రెండున్నర లక్షలకి దించితేనే 87కి దూకుతుంది. అందుకే చెక్ చేసేటప్పుడు రేటు పెంచి చూడాలి, తగ్గించి కాదు. లేకపోతే మీ ప్రాజెక్టు బోర్డులో నాయిస్ ఎక్కడిదా అని వెతుకుతూ, 163 చూసి, పాపం ఏ తప్పూ లేని ఎల్‌ఈడీ డ్రైవర్‌ని పీకి పక్కన పెడతారు.

అలాగని రేటు పెంచుకుంటూ పోతే ఇంకో నష్టం ఉంది. రెండు గీతల మధ్య దూరం అంటే రేటుని పాయింట్లతో భాగించడమే. 10 లక్షల రేటు, 1000 పాయింట్లు అయితే 1 కిలోహెర్ట్జ్. కరెంటు 50 హెర్ట్జ్, దాని హార్మోనిక్స్ 150, 250 విడివిడిగా కావాలంటే ఇది పనికిరాదు. 0.2 సెకను రికార్డు చేస్తే గీతల మధ్య దూరం 5 హెర్ట్జ్ అవుతుంది. విండో విషయానికొస్తే, ఫ్రీక్వెన్సీ కోసం హ్యానింగ్, ఎత్తు కొలవడానికి ఫ్లాట్‌టాప్.

ఆ 50 హెర్ట్జ్ చూడాలనిపించినా ప్రోబుని మాత్రం ప్లగ్ పాయింట్‌లో పెట్టకండి. ప్లగ్‌తో నడిచే స్కోపుల్లో మామూలుగా ప్రోబు క్లిప్పు నేరుగా ఎర్త్‌కి కలిసి ఉంటుంది, ఫేజ్‌కి తగిలితే పేలుతుంది. ఇన్సులేషన్ ఉన్న వైరుని ప్రోబు మొనకి తగిలించి గదిలో వదిలేస్తే చాలు, గోడలోని వైరింగ్ నుంచే అది వచ్చేస్తుంది.