కన్నీటితో ఆగిపోవద్దు

1978లో విడుదలైన ‘కరుణామయుడు’ చిత్రంలో విజయచందర్ గారి రూపాన క్రీస్తు ప్రభువు శ్రమలు చూసి కంటతడి పెట్టనివారు మనలో అరుదు. కాని ఆ కన్నీరు తెల్లవారేసరికి ఆరిపోయిందా, లేక మన బ్రతుకును మార్చిందా?

తెర మీది బొమ్మ మన కోసం ఆగదు. వాక్యం ఆగుతుంది. 12వ శతాబ్దపు కార్తూసియన్ మఠవాసి గీగో వాక్య పఠనానికి నాలుగు మెట్లు చూపాడు: చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, దైవసన్నిధిలో మౌనంగా నిలవడం.

ఈ తపస్సు కాలంలో ఇంటిల్లిపాదీ ఇలా చేసి చూడండి. చిత్రం చూసిన రాత్రే, టి.వి. కట్టేసి, కొవ్వొత్తి వెలిగించి, లూకా 22:54-62 నిదానంగా రెండుసార్లు చదవండి. పేతురు మూడుసార్లు బొంకిన పిదప ప్రభువు వెనుదిరిగి అతని వైపు చూశాడని నలుగురు సువార్తికులలో లూకా ఒక్కడే వ్రాశాడు. ఆ చూపు దగ్గర ఆగండి. అది కోపమా? కరుణా? ఈ వారం నేను ఎవరి ముందు, ఏ భయంతో ‘ఆయనను ఎరుగను’ అన్నట్లు నడుచుకున్నాను? దానిని మీ సొంత మాటల్లో ప్రభువుతో చెప్పుకోండి. తర్వాత ఐదు నిమిషాలు మౌనంగా ఉండండి.

పేతురూ ఏడ్చాడు. అయితే ఏడ్చి ఊరుకోలేదు. లేచి తన సోదరులను బలపరచాడు. మన కన్నీరు కూడా అక్కడికే చేరాలి.