నగరవాసమును కళాకర్షణమును

జనులు పల్లెలను విడిచి నగరములకు బోవుటకు కూలియు, కొలువును, చదువును ముఖ్యకారణములని యెల్లరు నెఱుగుదురు. ఇవిగాక మఱియొక కారణము గలదు. సంగీతము, నాటకము, చిత్రలేఖనము, గ్రంథాలయము మున్నగునవి యున్నచోట నివసింపవలెనను కోరికయే యది. ఈ కోరిక యెట్లు పుట్టునో, యెట్లు నిలుచునో విచారింతము.

కళకు మూడు కావలయును: నేర్పెడు గురువు, వినెడు సభ, పోషించెడు చేయి. పల్లెలో హరికథ యొక రాత్రి జరుగును; కథకునకు సంభావన ముట్టును; మఱునా డతడు వేఱొక యూరికి బోవలెను. ఏడాది పొడవునను అతనిని నిలుపుకొను శక్తి యొక్క గ్రామమునకు సాధారణముగా నుండదు. పెక్కుమంది శ్రోతలు కూడిన పట్టణమున కది సాధ్యము. గురువు నిలిచినచోటికి శిష్యులు వత్తురు; శిష్యులు పెరిగినకొలది వినువారి యభిరుచియు బెరుగును.

ఇందుకు విజయనగరము మంచి నిదర్శనము. 1919వ సంవత్సరమున నచ్చటి మహారాజుగారు సంగీత కళాశాలను స్థాపించిరి. హరికథా పితామహులని పేరొందిన ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమాధ్యక్షులైరి. ద్వారం వేంకటస్వామినాయుడుగారు ఫిడేలు ఆచార్యులుగా జేరి, 1936లో అధ్యక్షపదవి నందిరి. జనసంఖ్యచేత నది మహానగరము గాదు. అయినను కృష్ణామండలమునుండి ఘంటసాల వేంకటేశ్వరరావుగారు చిన్నతనముననే సంగీతమునకై యచ్చటికి బోయిరి. పట్రాయని సీతారామశాస్త్రిగారు వారికి విద్య గఱపిరి. భుక్తికి మధుకరమే గతి. జోలె పట్టి యింటింటి యన్నము దెచ్చుకొని యాయన సాధన చేసిరి.

మదరాసు యాకర్షణము ఇంతకంటె విశాలమైనది. 1896లో నచ్చట కన్నెమరా గ్రంథాలయము ప్రజలకు దెఱవబడెను. 1927లో కాంగ్రెసు మహాసభతోపాటు జరిగిన సంగీత సమావేశము ఫలముగా 1928లో మ్యూజిక్ అకాడమీ వెలసెను. 1938లో రేడియో కేంద్రము వచ్చెను. చలనచిత్ర నిర్మాణశాలలును వృద్ధినొందెను. అది తమిళదేశపు నగరమైనను, త్యాగరాజస్వామి కృతులలో నధికభాగము తెలుగగుటచే మన భాష యచ్చటి సభలలో నిత్యము వినబడుచుండును. ద్వారంవారికి ఆ యకాడమీ 1941లో సంగీత కళానిధి బిరుదము నొసగెను. ఘంటసాలవారును మదరాసు చేరి, రేడియోలోను చిత్రములలోను బాడి, 1974లో మరణించువఱకు నచ్చటనే యుండిరి.

అయితే యీ యాకర్షణము నగరమునకు శాశ్వతమగు సొత్తు గాదు. 1970 తరువాతి దశాబ్దములలో తెలుగు చిత్రపరిశ్రమ క్రమముగా హైదరాబాదునకు దరలగా, నటులును, గాయకులును, చిత్రకారులును దానివెంటనే నడచిరి. సంస్థ యెచ్చటనో కళాకారు లచ్చట.

మఱియొక సంగతి. నగరములో నుండుటయు, నగరపు కళల ననుభవించుటయు నొక్కటి గాదు. ఇంటి యద్దె కట్టి, బండ్ల రద్దీలో దినము గడపి, గ్రంథాలయపు గుమ్మము నొక్కసారియైన ద్రొక్కనివా డా నగరమునకు మూల్యము చెల్లించియు ఫలము నందనివాడు. దరిద్రుని సంగతి మఱింత కష్టము. ప్రవేశరుసుము వాని నడ్డగించును. కావున ఉచితముగా జదువనిచ్చెడు గ్రంథాలయము, ఉచితముగా విననిచ్చెడు సభయే నగరమునకు నిజమైన యలంకారములు.

విద్యార్థులారా! విజయనగరమును సంగీతపట్టణముగా జేసినది రాజుగారి ధనము మాత్రమే కాదు. పేరు తెలియని గృహిణులు పరాయి బాలుని జోలెలో వేసిన పిడికెడన్నమును అందులో భాగమే. మన యూరు చిన్నదని చింతింపనేల? నేర్చుకొనువానికి అన్నమును, నేర్పువానికి గౌరవమును గల చోటికి కళ తనంత దానే వచ్చును.